పసిడి కొన్నారు సరే... బిల్లు చదివారా?

ఇవాళ బంగారం ధరెంత అని అడిగితే మన ఇళ్లల్లో ఠక్కున చెప్పేస్తారు. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెరిగిందో, కిందటేడు శ్రావణమాసంలో ఎంత ఉందో కూడా చెప్పగలిగేవాళ్లున్నారు. అదే ‘మీ మెడలోని హారంలో అసలు బంగారం ఎన్ని గ్రాములు? దాని స్వచ్ఛత ఎంత?’ అని అడిగి చూడండి. చాలామంది దగ్గర జవాబుండదు. ‘తెలిసిన కొట్లోనే కొన్నామండీ’ అంటారు. అక్కడితో ఆగిపోతారు.

నిజానికి ఆ జవాబుతో అవసరం నగ కొన్నరోజున రాదు. ఆరోజు అది వెల్వెట్ పెట్టెలో తళతళలాడుతూనే ఉంటుంది. పిల్లాడి కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడో, ఇంట్లో ఒకరిని హఠాత్తుగా ఆస్పత్రిలో చేర్చినప్పుడో, పంట పోయి అప్పు మిగిలినప్పుడో నగ బీరువాలోంచి బయటికి వస్తుంది. బ్యాంకులో అప్రైజరు దాన్ని గీటురాయి మీద గీసి చూస్తాడు. రాళ్ల బరువు తీసేస్తాడు. కొన్ననాడు కట్టిన మజూరీ, తరుగు, పన్ను ఆయన లెక్కలోకి రావు. అందులో ఉన్న బంగారానికే అప్పు. నాలుగు లక్షలకు పైగా పోసి కొన్న హారంలో బంగారం విలువ మూడు లక్షల చిల్లరేనని తెలిసేది అప్పుడే.

మన ఇళ్లల్లో బంగారం ముచ్చట ఒక్కటే కాదు, ఆపద్ధనం కూడా. చాలామంది ఇల్లాళ్లకు తమదని చెప్పుకోగల ఆస్తి అదొక్కటే. కాబట్టి కుదువ పెట్టేరోజునో, అమ్మేరోజునో ఎదురయ్యే ప్రశ్నలన్నీ కొనేరోజునే అడిగెయ్యాలి. వాటి జవాబులు బిల్లు మీద రాయించుకోవాలి. అందుకు తెలియాల్సినవి నాలుగైదు సంగతులే.

22కూ 916కూ చుట్టరికం

పూర్వం మేలిమి బంగారాన్ని ‘పదహారు వన్నెల బంగారం’ అనేవారు. ఇప్పుడు పదహారుకు బదులు ఇరవై నాలుగు భాగాల లెక్క వచ్చింది. మొత్తం లోహాన్ని 24 భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాలు బంగారమో చెప్పేదే క్యారెట్. 24 క్యారెట్లంటే దాదాపు అంతా బంగారమే. అయితే అది మరీ మెత్తన. దాంతో గొలుసు చేయిస్తే నాలుగు రోజులకే సాగుతుంది, గాజులు చేయిస్తే సొట్టలు పడతాయి. అందుకే రాగి, వెండి లాంటివి కలిపి గట్టిపరుస్తారు.

22 క్యారెట్ల నగలో 22 పాళ్లు బంగారం, 2 పాళ్లు ఇతర లోహాలు. 22ను 24తో భాగిస్తే వెయ్యికి 916 వస్తుంది. నగ మీద కనిపించే 916 అదే. 18 క్యారెట్లయితే వెయ్యికి 750, 14 క్యారెట్లయితే 585. ధర పెరిగేకొద్దీ తక్కువ క్యారెట్ల నగలకు గిరాకీ పెరిగింది. 2025 జులైలో 9 క్యారెట్ల బంగారాన్నీ హాల్‌మార్కింగ్ పరిధిలోకి తెచ్చారు. దాని అంకె 375. అంటే అందులో సగం కూడా బంగారం లేనట్టే. తక్కువ క్యారెట్ల నగ కొనడం తప్పేం కాదు. దాన్ని 22 క్యారెట్ల ధరకు కొనడమే తప్పు. బోర్డు మీది ధర ఏ క్యారెట్‌కో, చేతిలోని నగ ఏ క్యారెట్‌దో ముందుగా పోల్చి చూసుకోవాలి.

కేడీఎం గ్యారంటీ కాదు

‘అమ్మా, ఇది 916 కేడీఎమ్మండీ, కళ్లు మూసుకుని తీసుకోండి’... ఈ మాట విననివాళ్లుండరు. కేడీఎం అంటే స్వచ్ఛతకు ఇచ్చే సర్టిఫికెట్ అని ఎందరో నమ్ముతారు. కానీ అది అతుకు వేసే పద్ధతి పేరు. గొలుసు లింకుల్నీ, జూకాల బుట్టల్నీ కలపాలంటే టంకం కావాలి. ఆ టంకం నగకన్నా తక్కువ వేడికి కరగాలి. పాతరోజుల్లో టంకంలో రాగి, వెండి ఎక్కువగా కలిపేవారు. దాంతో అతుకులున్న ప్రతిచోటా బంగారం శాతం తగ్గేది. నగను కరిగిస్తే ఆ తేడా బయటపడేది. టంకంలో కొద్దిగా కాడ్మియం కలిపితే చాలు, బంగారం శాతం తగ్గకుండానే తేలిగ్గా కరుగుతుంది. అందుకే ఆ పద్ధతి పాకింది. కాడ్మియమే జనం నోట్లో కేడీఎం అయింది.

చిక్కేమిటంటే వేడి చేసినప్పుడు వచ్చే కాడ్మియం పొగ విషం. అది పనివాళ్ల ఊపిరితిత్తుల్నీ, మూత్రపిండాల్నీ దెబ్బతీస్తుంది. అందుకే దాన్ని పక్కనపెట్టి జింక్ వంటివి కలిపిన టంకాలు వాడుతున్నారు. కాబట్టి ఇవాళ ఎవరైనా ‘కేడీఎం’ అని చెబితే దాన్ని స్వచ్ఛతకు హామీ అనుకోకూడదు. చూడాల్సింది వేరే ఉంది.

మూడు గుర్తులు... ఒక భూతద్దం

బంగారు నగలకు హాల్‌మార్కింగ్ మన దేశంలో 2000లో మొదలైంది. భారత ప్రమాణాల సంస్థ - బీఐఎస్ - దాన్ని చూస్తుంది. మొదట్లో ఇష్టమైన వ్యాపారులే వేయించేవారు. 2021 జూన్‌లో 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు, తర్వాత మరిన్ని జిల్లాలకు విస్తరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన ప్రత్యేక సంఖ్య లేకుండా హాల్‌మార్కు నగల్ని అమ్మకూడదన్న నిబంధన వచ్చింది.

కాబట్టి ఇప్పుడు కొనే నగ మీద మూడు గుర్తులు కనిపించాలి. ఒకటి, బీఐఎస్ ముక్కోణపు చిహ్నం. రెండు, స్వచ్ఛత - 22కె916 అనో, 18కె750 అనో ఉంటుంది. మూడు, ఆ ఆరు అక్షరాల సంఖ్య. దాన్నే హెచ్‌యూఐడీ అంటారు. మనిషికి ఆధార్ లాంటిది నగకు ఇది. గుర్తులు మరీ చిన్నవి, మామూలు కంటికి ఆనవు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దాన్ని కొట్టువాళ్లే ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

చూడగానే సరిపోదు. సెల్‌ఫోన్‌లో ‘బీఐఎస్ కేర్’ యాప్ పెట్టుకుని ఆ సంఖ్య కొడితే నగ రకం, దాని స్వచ్ఛత, హాల్‌మార్కు వేయించిన వ్యాపారి, పరీక్షించిన కేంద్రం వివరాలు వస్తాయి. చేతిలో ఉన్నది గాజు, ఫోన్‌లో చూపిస్తున్నది ఉంగరం అయితే అక్కడే ఆగిపోవాలి. అర నిమిషం పని ఇది. లక్షలు చెల్లించే ముందు అర నిమిషం ఎక్కువేం కాదు.

ఒకవేళ తర్వాత అనుమానం వస్తే? నగను బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్ష కేంద్రానికి నేరుగా తీసుకెళ్లొచ్చు, కొద్ది రుసుము తీసుకుని పరీక్షించి నివేదిక ఇస్తారు. హాల్‌మార్కు నగలో చెప్పినదానికన్నా స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తక్కువైన మేరకు జరిగిన నష్టానికి రెట్టింపు సొమ్మూ, పరీక్ష ఖర్చులూ కొనుగోలుదారుకు చెల్లించాలని 2018 నాటి బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి. అయితే ఆ హక్కు వాడుకోవాలంటే చేతిలో బిల్లుండాలి. ‘బిల్లు వద్దనుకుంటే పన్ను మిగులుతుందండీ’ అనే మాటకు లొంగినవాళ్లు పోగొట్టుకునేది దాన్నే.

కొన్నింటికి మినహాయింపులున్నాయి. రెండు గ్రాముల లోపు నగలకు హాల్‌మార్కు తప్పనిసరి కాదు. ముక్కుపుడకలు, చంటిపిల్లల పోగులు అలాంటివే. కుందన్, పోల్కీ, జడావు నగలకూ మినహాయింపు ఉంది. వీటిలో లక్క, రాళ్లు కలిసి ఉంటాయి కాబట్టి బంగారం బరువు, స్వచ్ఛత రెండూ ప్రత్యేకంగా రాయించుకోవాలి.

మరి అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరు సంగతి? దానిమీద ఏ గుర్తూ లేదని కంగారుపడక్కర్లేదు. హాల్‌మార్కు నిబంధన అమ్మే వ్యాపారికే, ఇళ్లల్లో ఉన్న పాత నగలకు కాదు. వాటిని ఉంచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మార్చే ముందు మాత్రం పరీక్ష కేంద్రంలో స్వచ్ఛత తెలుసుకుని వెళ్తే మంచిది. అప్పుడు కొట్టువాళ్లు ‘ఇది ఇరవై క్యారెట్లే’ అన్నా మాట్లాడటానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది.

లెక్కేసి చూద్దాం

స్వచ్ఛత సరిగ్గానే ఉన్నా డబ్బు జారిపోయే దారులు ఇంకా ఉన్నాయి. లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము పది వేల రూపాయలనుకుందాం. ఒక రాళ్ల హారం మొత్తం బరువు 40 గ్రాములు. అందులో రాళ్లు, పూసలు 6 గ్రాములు. అంటే నికర బంగారం 34 గ్రాములు. దాని విలువ 3,40,000. తరుగు 15 శాతమంటే 51,000. రాళ్లకు 20,000. మొత్తం 4,11,000. దానిమీద 3 శాతం జీఎస్టీ 12,330. చేతి నుంచి వెళ్లేది 4,23,330 రూపాయలు.

అదే హారాన్ని మర్నాడు అమ్మబోతే, ఏ కోతా పెట్టకపోయినా వచ్చేది 34 గ్రాముల విలువే. అంటే 83,330 రూపాయలు కొన్న గంటలోనే కరిగిపోయినట్టు. ఇది మోసం కాదు, నగ చేసినందుకూ రాళ్లకూ పన్నుకూ కట్టిన డబ్బు. కానీ ఆ సంగతి తెలిసి కట్టడం వేరు, తెలియక కట్టడం వేరు.

ఇక మోసమంటే ఎలా ఉంటుందో చూడండి. రాళ్ల బరువు తీసెయ్యకుండా 40 గ్రాములకూ బంగారం ధర వేస్తే అదనంగా పోయేది 60,000. దానిమీద తరుగు, పన్ను మళ్లీ అదనం. 22 క్యారెట్లని చెప్పి 20 క్యారెట్లది ఇస్తే 34 గ్రాముల మీద నష్టం దాదాపు 31,000. ధర గ్రాముకు వంద రూపాయలు తగ్గిందా లేదా అని నెలరోజులు ఎదురుచూసేవాళ్లు ఈ 40 గ్రాముల హారం మీద మిగుల్చుకునేది నాలుగు వేల లోపే. అసలు డబ్బు ఎక్కడ పోతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

తరుగు విషయానికొస్తే, కంసాలి ఇంట్లో కూర్చుని బంగారాన్ని కరిగించి, సాగదీసి, ఆకురాయితో రాసి నగ చేసేటప్పుడు కొంత పొడిగా రాలిపోయేది. ఆ నష్టాన్ని భర్తీ చెయ్యడానికి పుట్టిన మాట తరుగు. ఇప్పుడు చాలా గొలుసులు, గాజులు యంత్రాల మీద తయారవుతున్నాయి, రాలిన పొడిని మళ్లీ కరిగించి వాడుకుంటున్నారు. అయినా తరుగు పోలేదు. కొన్ని బిల్లుల్లో ‘వీఏ’ అనే పేరుతో కనిపిస్తుంది. నగ నగకూ, కొట్టు కొట్టుకూ దీని శాతం మారుతుంది. బేరమాడటానికి వీలున్నది ఇక్కడే. ‘మజూరీ లేదు’ అని బోర్డు పెట్టినచోట తరుగెంతో, ‘తరుగు తక్కువ’ అన్నచోట గ్రాము ధరెంతో చూసుకోవాలి. రెండు కొట్లను పోల్చాలంటే విడివిడి అంకెలతో పనిలేదు. ఒకే బరువు నగకు చివరికి కట్టాల్సిన మొత్తం ఎంతో అడిగితే చాలు.

హాల్‌మార్కు రుసుము కూడా బిల్లులో విడిగా చూపాలి. అది బరువును బట్టి కాదు, నగకు ఇంత అని. 2022లో దాన్ని ఒక్కో నగకు 45 రూపాయలుగా నిర్ణయించారు, పన్ను అదనం. ఆ పేరు చెప్పి వేలు వేస్తే ప్రశ్నించాల్సిందే.

వజ్రానికి హాల్‌మార్కు లేదు

వజ్రాల నగ మీద కూడా హాల్‌మార్కు ఉంటుంది. కానీ అది నగలోని బంగారానికే. వజ్రం మంచిదో కాదో అది చెప్పదు. ఇక్కడ ఇంకో తికమక కూడా ఉంది. బంగారంలో క్యారెట్ అంటే స్వచ్ఛత, వజ్రంలో క్యారెట్ అంటే బరువు. ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో అయిదో వంతు. క్యారెట్‌లో నూరో వంతు సెంటు.

వజ్రం ధరను నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి. బరువు, రంగు, స్వచ్ఛత, కోత. అమెరికాలోని రత్నశాస్త్ర సంస్థ జీఐఏ రూపొందించిన కొలమానాన్నే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది.

రంగుకు డి నుంచి జెడ్ వరకు మెట్లున్నాయి. డి, ఇ, ఎఫ్ అసలు రంగు లేనివి. జి నుంచి జె దాకా దాదాపు రంగు లేనివే. కిందికి వెళ్లేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది, ధర తగ్గుతుంది. పసుపు బంగారంలో పొదిగినప్పుడు జి, హెచ్ రంగు రాయికీ డి రంగు రాయికీ తేడా మామూలు కంటికి తెలియడం కష్టం. బడ్జెట్ చూసుకునేవాళ్లకు ఇక్కడ కొంత వెసులుబాటు ఉంది.

స్వచ్ఛతంటే రాయి లోపలి మచ్చలు, గీతలు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో చూసి దీన్ని నిర్ణయిస్తారు. వీవీఎస్ అంటే నిపుణులకు కూడా అతికష్టం మీద కనిపించేంత చిన్న మచ్చలు. వీఎస్ దాని తర్వాతిది. ఎస్ఐలో మచ్చలు భూతద్దంలో తేలిగ్గా దొరుకుతాయి. ఐ తరగతిలో చాలాసార్లు మామూలు కంటికే కనిపిస్తాయి.

కోత బాగుంటే వెలుతురు రాయిలోకి వెళ్లి తిరిగి పైకి వస్తుంది. కోత సరిగ్గా లేకపోతే రంగు, స్వచ్ఛత ఎంత మేలైనవైనా రాయి డల్‌గా ఉంటుంది. అందరూ మొదట బరువడుగుతారు, కానీ మెరుపు వచ్చేది కోత వల్లే.

బరువు దగ్గర ఒక కిటుకు తెలిసి ఉండాలి. ‘మొత్తం ఒక క్యారెట్’ అని బిల్లులో ఉంటే అది ఒక్క రాయో, యాభై చిన్న రాళ్ల మొత్తమో చూడాలి. పెద్దరాళ్లు అరుదు కాబట్టి ఒకే క్యారెట్ రాయి ధరకూ, రెండేసి సెంట్ల రాళ్లు యాభై కలిపిన ధరకూ పొంతనే ఉండదు. అందుకే రాళ్లెన్ని, మొత్తం ఎన్ని సెంట్లు, ఏ రంగు, ఏ స్వచ్ఛత అని నాలుగూ రాయించుకోవాలి.

వజ్రాల నగలు ఎక్కువగా 18 క్యారెట్ల బంగారంలో చేస్తారు. అది గట్టిగా ఉండి రాయిని పట్టి ఉంచుతుంది. అయితే బిల్లులో బంగారానికి 18 క్యారెట్ల ధరే వెయ్యాలి. 22 క్యారెట్లది గ్రాము పది వేలయితే 18 క్యారెట్లది 8,182 అవ్వాలి.

మన ఇళ్లల్లో ఏడురాళ్ల కమ్మలంటే మోజు. రాళ్ల వెనక మూసి పొదిగితే అసలు రంగు బయటపడదు. వెనక తెరిచి ఉన్న నగను పరీక్షించడం తేలిక. పాతతరంవాళ్లు ‘బ్లూ జాగర్’ రాళ్లని గొప్పగా చెప్పుకునేవారు. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటీన్ గని పేరు మీద వచ్చిన మాట అది. ఇప్పుడు ఎవరైనా ఆ పేరు చెబితే మాటకు కాదు, సర్టిఫికెట్‌కు విలువివ్వాలి.

నోటితో ఊదితే ఆవిరి నిలవదని, గాజును గీస్తే గీత పడుతుందని చేసే ఇంటి పరీక్షలు నమ్మదగ్గవి కావు. గాజును గీసే రాళ్లు ఇంకా ఉన్నాయి. సుత్తి పరీక్ష అసలే వద్దు. వజ్రాన్ని మరో రాయి గియ్యలేదు కానీ సుత్తి దెబ్బకు అది పగులుతుంది.

ల్యాబ్‌లో పుట్టిన వజ్రం

కొన్నేళ్లుగా ల్యాబ్‌లో తయారైన వజ్రాలు వచ్చాయి. 2023 జూన్‌లో భారత ప్రధాని అమెరికా అధ్యక్షుడి భార్యకు బహూకరించిన 7.5 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం అలాంటిదే. ఇవి గాజురాళ్లు, అమెరికన్ డైమండ్లలాంటి నకిలీలు కావు. గనిలో దొరికే వజ్రంలాగే ఇవీ కార్బనే. కంటితో, మామూలు పెన్‌లాంటి టెస్టరుతో తేడా పట్టుకోలేరు. ప్రత్యేక పరికరాలు కావాలి.

ధర మాత్రం సహజ వజ్రం ధరలో కొద్ది భాగమే. పైగా కొన్నేళ్లుగా బాగా పడిపోయింది. 2025 అక్టోబరు నుంచి జీఐఏ కూడా వీటికి సహజ వజ్రాల మాదిరి రంగు, స్వచ్ఛత మెట్లు ఇవ్వడం మాని ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’ అని రెండే తరగతులు చేసింది. పెట్టుకుని మురవడానికి ల్యాబ్ వజ్రం బాగానే ఉంటుంది. రేపటి ఆస్తిగా కొనుక్కుంటే మాత్రం నిరాశ తప్పదు. సహజ వజ్రం కూడా అమ్మబోతే కొన్న ధర రావడం అరుదే. బ్యాంకులు బంగారు నగల మీద అప్పు ఇచ్చేటప్పుడు వజ్రాలకు విలువ కట్టవు. ‘ఇది సహజమైనదా, ల్యాబ్‌దా?’ అన్న ప్రశ్నకు జవాబు బిల్లు మీద ఉండాలి. పెద్ద రాయి అయితే జీఐఏ, ఐజీఐ లాంటి సంస్థల సర్టిఫికెట్ అడగాలి. సర్టిఫికెట్ నంబరును రాయి అంచు మీద లేజర్‌తో చెక్కి ఉంటే అది కాగితంలోని నంబరుతో సరిపోతోందో లేదో భూతద్దంలో చూడాలి.

తెలిసినవాడిదే ధర

వజ్రాలు మనకు కొత్తవి కావు. కోహినూర్ దొరికిందని చెప్పే కొల్లూరు కృష్ణా తీరంలో మన గడ్డ మీదిదే. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా ఇక్కణ్నుంచే వెళ్లేవి. ఇప్పటికీ తొలకరి పడితే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం కుటుంబాలతో సహా దిగి రాళ్లు ఏరుతారు. ఎవరికైనా ఒకటి దొరికితే ధర చెప్పేది మాత్రం వ్యాపారే. దొరికినవాళ్లకు దాని బరువు తెలియదు, రంగు మెట్టు తెలియదు, లోపలి మచ్చలు తెలియవు. చెప్పిన ధరకు తలూపడమే వాళ్లు చెయ్యగలిగింది.

ఏసీ షోరూములో కూల్‌డ్రింక్ తాగుతూ నగ ఎంచుకునే కుటుంబానిదీ అదే పరిస్థితి. వివరాలు తెలిసింది బల్లకు అటువైపున్నవాళ్లకే. అయితే జొన్నగిరి పొలంలో లేనిది ఇక్కడ ఒకటుంది. అడిగి రాయించుకునే అవకాశం.

కొట్లో కూర్చున్నప్పుడు...

* మొత్తం బరువెంత, రాళ్ల బరువెంత, నికర బంగారం ఎంత? మూడూ విడివిడిగా బిల్లులో ఉండాలి.

* ఎన్ని క్యారెట్లు? ఆ క్యారెట్ ధరే వేశారా?

* హాల్‌మార్కు గుర్తులు భూతద్దంలో చూశారా? ఆరు అక్షరాల సంఖ్యను యాప్‌లో సరిచూశారా?

* తరుగు, మజూరీ, రాళ్ల ధర, హాల్‌మార్కు రుసుము, జీఎస్టీ దేనికది వేరుగా రాశారా?

* వజ్రాలైతే ఎన్ని, ఎన్ని సెంట్లు, ఏ రంగు, ఏ స్వచ్ఛత, సహజమా ల్యాబ్‌దా? సర్టిఫికెట్ ఎవరిది?

* రేపు తిరిగి తెస్తే బంగారానికి ఎంత, వజ్రానికి ఎంత ఇస్తారు? నోటిమాట వద్దు, కాగితం మీద కావాలి.

ఇంటికొచ్చాక ఇంకో చిన్న పని మిగులుతుంది. కొన్ని బిల్లుల మీది అక్షరాలు రెండు మూడేళ్లకే వెలిసిపోతాయి. ఒక జిరాక్సు తీయించి నగపెట్టెలో పెట్టాలి, ఫోన్‌లో ఒక ఫొటో ఉంచుకోవాలి. బిల్లు ఎక్కడుందో ఇంటాయనకొక్కడికే కాదు, ఆ నగ పెట్టుకునే ఇల్లాలికీ, రేపు దాన్ని అందుకోబోయే కూతురికీ తెలియాలి. అవసరం పడ్డరోజున ఆ పెట్టె తెరవాల్సి వచ్చేది ఎక్కువసార్లు వాళ్లే.